బూడిద ఇటుకతో ఇల్లు: భయం వద్దు, పరీక్ష ముద్దు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను సివిల్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయిన వాణ్ణి. ఇల్లు కట్టుకోబోయే మిత్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఏమండీ, బూడిద ఇటుకతో గోడ కడితే నిలుస్తుందా?" గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము జీవితంలో ఒక్కసారే చేతికి వస్తుంది. అది బూడిదలో పోసిన పన్నీరు కాకూడదన్న భయం సహజమే. అందుచేత ఈ పూట ఆ ఒక్క విషయమే మనవి చేస్తాను.

ఈ బూడిద మన పొయ్యిలోని కట్టెల బూడిద కాదు. థర్మల్ విద్యుత్ కేంద్రాలలో మెత్తగా పొడి చేసిన బొగ్గు మండినప్పుడు పొగతోపాటు పైకి లేచే సన్నని పొడి. మన దేశపు బొగ్గులో నూటికి సుమారు 30 నుంచి 45 పాళ్లు బూడిదే. ఇబ్రహీంపట్నం, పాల్వంచ, రామగుండంలలో ఉద్యోగం చేసిన మిత్రులకు ఆ గుట్టల సంగతి నేను చెప్పనక్కరలేదు.

ఈ పొడికి సున్నం, నీరు తోడైతే క్రమంగా రాయిలా గట్టిపడుతుంది. జిప్సం కూడా చేర్చితే తొలి రోజుల్లోనే బలం వస్తుంది. ఈ మూడింటి కలయికను ‘ఫాల్‌-జి’ పేరుతో రూపొందించినవారు విశాఖపట్నంలో పరిశోధన చేసిన భానుమతీదాస్, కాళిదాస్ గార్లు. మన పెద్దలు గానుగ సున్నంలో ఇటుక పొడి కలిపి కట్టిన గోడల వెనుక ఉన్న సూత్రమూ ఇదే.

ఎర్ర ఇటుకకు పొలంలోని పై మట్టి తవ్వాలి, దానిని బట్టీలో కాల్చాలి. అడుగు మేర పోయిన సారవంతమైన మట్టి మన మనుమల కాలానికి కూడా తిరిగి రాదు. బూడిద ఇటుకకు బట్టీతో పనే లేదు. అంచులు సమంగా ఉంటాయి కనుక ప్లాస్టరింగుకు మాలు కూడా తక్కువ పడుతుంది. బూడిద వాడకం గురించి కేంద్ర ప్రభుత్వం 1999లోనే ఉత్తర్వులిచ్చింది. 2021 డిసెంబరు 31 నాటి ఉత్తర్వు బూడిదనంతా వినియోగంలోకి తేవాలని విద్యుత్ కేంద్రాలను ఆదేశించింది.

అయితే అమ్మకానికి వచ్చిన ప్రతి ఇటుకా మంచిది కాదు. అచ్చు తీశాక రెండు మూడు వారాలైనా నీటితో తడపాలి. తొందరపడి అమ్మిన పచ్చి ఇటుక అంచులు రాలిపోతుంది, గోడలో బీటలు తెస్తుంది. కొనేముందు ఇంటి దగ్గరే ఈ పరీక్షలు చేయండి. రెండు ఇటుకలు కొట్టి చూస్తే ఖంగుమనాలి. నడుము ఎత్తు నుంచి నేల మీదికి వదిలితే ముక్కలు కాకూడదు. పొడి ఇటుకను తూచి, 24 గంటలు నీటిలో నానబెట్టి, మళ్లీ తూచండి. బరువు నూటికి 20 పాళ్లకు మించి పెరగకూడదు. అంటే మూడు కిలోల ఇటుక 600 గ్రాములకు మించి నీరు తాగరాదు.

ఇంకొక్క మాట. ఇటుకను బహుదూరం నుంచి లారీలో తెప్పిస్తే డబ్బూ, డీజిలూ రెండూ దండగే. దగ్గరలో దొరికితేనే లాభం.

బూడిద అన్న పేరు చూసి వెనుదీయకండి, చవక అన్న మాట విని మోసపోకండి. తూకం వేసి చూసి కొనండి.