తల్లి వృత్తి కాడ ఏం రాసినం?

సదువుకునే బిడ్డ రేపు ఏమైతదన్నది కాలేజీల కంటె ముందు ఇంట్లనే తేలుతది. మా సంగతే చెప్తం.

మాది నిజామాబాద్ జిల్లా. నాయిన దుబాయిల, అవ్వ చాట ముందట. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి 1000 బీడీలు చేస్తెనే నిండు కూలి. బడి నుంచి రాంగనే మేము 25 బీడీలకో కట్ట కట్టెటోళ్లం. లెక్కలు మాకు ఆడ్నే వచ్చినయి. బాగలేవని కార్ఖానల పక్కకు పడేసిన బీడీలకు పైసలు రావన్న లెక్క గూడ.

పెద్దయినంక ఏమైతరని మమ్ముల ఎవరడిగిండ్రు? నెలనెల జీతమొచ్చే కొలువు జెయ్యుండ్రని అవ్వ అంటుండె, గంతే. సర్కారు కొలువు పిచ్చని పట్నపోళ్లు నవ్వుతరు. నెల జీతం ఎన్నడు సూడని ఇంట్ల పుట్టి నవ్వుమనుండ్రి!

ఉస్మానియా దరఖాస్తుల తల్లి వృత్తి కాడ 'గృహిణి' అని రాసినం. బీడీలని రాయనీకి సిగ్గు. నోరు తెరిస్తె యాస దాచుడు. 1985ల వచ్చిన 610 జీవో కథ హాస్టల్లనే విన్నం. ఉద్యమంల ధూంధాం స్టేజీల మీద అవ్వ మాటలే పాటలైతుంటె గా సిగ్గు ఇడిసింది.

2014ల రాష్ట్రం వచ్చింది. 2022ల 503 గ్రూప్-1 పోస్టులు పడ్డయి. పేపర్ లీకై 2023 మార్చిల ప్రిలిమ్స్ రద్దు జేసిండ్రు. గా దినం అశోక్‌నగర్ రూములకెల్లి పిల్లలు ఇండ్లకు ఫోన్ జేసి ఏం చెప్పుకున్నరో మీకెరుకే.

మొన్న మా తమ్ముని బిడ్డ బొమ్మలేసుడే నేర్చుకుంటనన్నది. అవ్వ దాని మొకం దిక్కు శానసేపు సూసింది. "నెలనెల వస్తయా బిడ్డా?" అనడిగింది.