వెనక్కి వాలిన రెక్క లెక్క

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఏం పని చేస్తున్నావో రెండు ముక్కలు చెప్పమన్నారు. విమాన రెక్కల కొలతలు చూడటం నా పని. అందులో నల్లబల్ల మీద పట్టే లెక్క ఒకటి చెబుతాను.

పదో తరగతి త్రికోణమితి అంటే మనకు గుర్తున్నది టవరు, దాని నీడ, ఊర్ధ్వకోణం. కోణమేమో ఎప్పుడూ 30, 45, 60. "ఇవన్నీ ఎందుకు మాస్టారూ?" అని అడగని బ్యాచ్ ఉండదు.

బోయింగ్ 747-400 రెక్కలు విమానం బాడీకి లంబంగా ఉండవు, 37.5 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటాయి. ఆ విమానం ధ్వని వేగంలో 0.85 వంతు వేగంతో పోతుంది. రెక్క పైనుంచి పోయే గాలి ఇంకా వేగం పుంజుకుని అక్కడక్కడ ధ్వనిని దాటుతుంది. ఆ దాటడం ఎక్కువైతే షాక్ తరంగాలు బలపడి, గాలి నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది. ఇంధనం ఖర్చూ పెరుగుతుంది.

1935లో రోమ్‌లో జరిగిన వోల్టా సదస్సులో జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ బుసెమాన్ దీనికి దారి చూపాడు. ఎదురుగాలిని రెండుగా విడదీయండి: రెక్కకు లంబంగా వచ్చేది ఒకటి, రెక్క పొడవునా జారిపోయేది ఒకటి. లెక్కలోకి వచ్చేది మొదటిదే.

త్రిభుజంలో 37.5 ఏ మూలలో రాయాలన్న దగ్గరే పిల్లలు తడబడతారు. ఒక గీతను ఎంత తిప్పితే దానికి గీసిన లంబమూ అంతే తిరుగుతుంది. కాబట్టి గాలి దిశకూ ఆ లంబానికీ మధ్య కోణం కూడా 37.5. ఇక మిగిలింది గుణకారం. కొసైన్ 0.793. దాన్ని 0.85తో గుణిస్తే 0.674. అంటే విమానం 0.85తో పోతున్నా రెక్కకు మాత్రం 0.67తో పోతున్నట్టే. నిజానికి ఇది అంతులేని పొడవున్న రెక్కకు చెల్లే లెక్క. అసలు రెక్కకు బాడీ దగ్గరా, కొస దగ్గరా ఇంత లాభం రాదు.

ఆ వచ్చిన లాభమూ ఊరికే రాదు. విమానం మధ్యగీత నుంచి రెక్క కొసకు అడ్డదూరం 32.2 మీటర్లు. వాల్చిన తరువాత కూడా అంతే రావాలంటే రెక్క గీత పొడవు 32.2ను 0.793తో భాగించినంత, అంటే 40.6 మీటర్లు ఉండాలి. వేగాన్ని తగ్గించిన కొసైనే పొడవు పెంచింది! పక్కకు ఎనిమిది మీటర్ల పైచిలుకు. ఆ బరువును విమానం ఎగిరినంత కాలం మోయాలి. పైగా వేగం తగ్గించి దిగేటప్పుడు రెక్క కొసలే ముందు పట్టు తప్పే ప్రమాదం ఉంది. ఇంకో రెండు డిగ్రీలు వాల్చుదామా వద్దా అన్నది ఈ రంగంలో ఎంతకీ తెగని బేరం.

లెక్కల మాస్టార్లకు ఒక మనవి. ఎంపీసీ తీసుకోవాలా వద్దా అని పిల్లలు తేల్చుకునేది పదో తరగతిలోనే. త్రికోణమితి అనువర్తనాల పాఠంలో ఒక్క టవరు లెక్క పక్కనపెట్టి ఇది ఇచ్చి చూడండి. 37.5కి నోటికి వచ్చిన విలువ ఉండదు, పట్టిక తియ్యాలి. అదీ మంచిదే. ఆ తరువాత బోయింగ్ బి-47 బాంబర్ ఇవ్వండి. దాని వాలు 35 డిగ్రీలు. ఆ కొసైన్ ఎంతో మీరు చెప్పొద్దు, వాళ్ళనే వెతకనివ్వండి.