కామెర్ల పథ్యము



మన పల్లెలలో కన్నులు పచ్చబడినవానికి మొట్టమొదట చేయు చికిత్స యేది? అన్నము మాన్పించుట. పసరుమందు మ్రింగించి, పప్పు వలదు, గ్రుడ్డు వలదు, నూనెచుక్క తగులరాదని కట్టడిచేసి చప్పిడి గంజి పోయుదురు. తమంత తాము తగ్గెడి కామెర్లయినచో రోగి యెట్లో కోలుకొనును. కీర్తి పసరునకు దక్కును. కాని సారావలననో, హెపటైటిస్ బి, సి వైరసులవలననో, మధుమేహ స్థూలకాయముల వెంటవచ్చు కొవ్వువలననో యేండ్లతరబడి కాలేయము గట్టిపడిన సిరోసిస్ రోగికి ఈ పథ్యమే ప్రాణముమీదికి వచ్చుచున్నది. సారా మానుమని చెప్పుట మాకు క్రొత్తగాదు, వినుట మీకును క్రొత్తగాదు. నేడు తిండినిగూర్చి మాత్రమే విన్నవించెదము.

కాలేయము దేహమునకు గాదెవంటిది. పగటి యన్నములోని చక్కెరను దాచి రాత్రి రక్తమున కందించును. గట్టిపడిన కాలేయమున నా నిలువ నిలువదు. ఆరోగ్యవంతుడు రెండుమూడు దినము లుపవసించిన నేస్థితి కలుగునో, ఈ రోగి కొక్కరాత్రి పస్తుతోనే యాస్థితి కలుగును. అంతట దేహము తన కండనే కరగించుకొనును. కండ తగ్గినకొలది రక్తములోని అమ్మోనియాను హరించు శక్తియు తగ్గి మతి చలించుటకు దారియగును.

ఈ తప్పు మన పెద్దలదే యనరాదు. మతి చలించిన రోగికి మాంసకృత్తులు తగ్గింపుడని పాశ్చాత్య వైద్యులే దశాబ్దములు బోధించిరి. 2004లో బార్సిలోనా వైద్యులు ప్రకటించిన పరీక్షలో, తగ్గించినందున మేలు కలుగకపోగా కండయే మరింత కరగినదని తేలెను. ఐరోపా కాలేయవైద్య సంఘమువారి 2019 నాటి నియమావళి ప్రకారము కిలో తూకమునకు దినమునకు 1.2 మొదలు 1.5 గ్రాముల మాంసకృత్తులు వలయును. ఏబది కిలోల మనిషికి 60 మొదలు 75 గ్రాములన్నమాట. ఒక గ్రుడ్డులో ఆరు గ్రాములుండును. గంజితో ఈ లెక్క యెన్నటికిని తీరదు. పప్పు, పెరుగు, పాలు, గ్రుడ్లు వలయును. నిద్రకు ముందు పాలలో అటుకులో, ఒక జొన్నరొట్టెయో తప్పక పెట్టవలయును. పొట్టలో నీరు చేరినవారికి ఉప్పు దినమునకు ఐదు గ్రాములకు మించరాదు. ఊరగాయ, అప్పడము, ఎండుచేప ముందుగా మానదగినవి. చప్పిడిచేసి తిండియే తగ్గించిన నది మరల పొరపాటే.

రోగి చిక్కినాడని తెలియుటెట్లు? త్రాసు మోసగించును. పొట్ట నీటితో నుబ్బినవాని తూకము పెరిగినట్లే కనిపించును, బంధువులు సంతసింతురు. దండచేయి కొలువవలయును, పిడికిటిపట్టు చూడవలయును, ఈవారము తిండి తగ్గినదా యని యడుగవలయును. లండను రాయల్ ఫ్రీ ఆసుపత్రివారు కూర్చిన ప్రశ్నావళికి మూడు నిమిషములైనను పట్టదు.

2016లో జనగామ, మానుకోట, భూపాలపల్లి జిల్లాలైనవి. 2022లో మానుకోటయందును, 2023లో తక్కిన రెంటియందును సర్కారు వైద్యకళాశాలలు వెలసినవి. అంగన్‌వాడీలో పసిబిడ్డ దండచేతిని కొలుచు పట్టీ యెంత చౌకయో మీరెరుగుదురు. కాలేయరోగి చేరిన ప్రతి వార్డులోను అట్టి కొలత మొదటిదినముననే జరుగవలయునని మేము కోరుచున్నాము. ఇంటికి పంపునపుడు మందులచీటి మీదనే, తెలుగులో, ఏమి తినవలెనో వ్రాసి యీయవలయును.

చదువు నేర్చిన మీరు పొరుగింటి రోగి తిరిగివచ్చిన నాడాచీటి చదివి వినిపింపుడు. పథ్యమని పప్పు దాచిన ముసలమ్మతో వాదింపక, డాక్టరే పెట్టుమన్నాడని చెప్పుడు. ఆ రాత్రి పాలగ్లాసు మాత్రము మరువకుడు.