రక్తంలో పరుగు ఉందంటారు
(సంత్ సేవాలాల్ మహరాజ్ జయంతి సభలో ప్రగతి నగర్ పరుగు బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

పాటలకూ ఆటలకూ మధ్య పరుగు గురించి పది నిమిషాలు చెప్పమని కమిటీ పెద్దలు మమ్మల్ని అడిగారు. భోగ్ భండారో అయ్యాక భోజనాలు. కాబట్టి ఎక్కువ సాగదీయం. అయితే చివర్లో చెప్పే ఒక్క విషయం మాత్రం తొందరపడకుండా చెబుతాం, ఓపిగ్గా వినాలి.

మేము పద్నాలుగు మందిమి. అందరం ప్రగతి నగర్, నిజాంపేట, బాచుపల్లి చుట్టుపక్కల ఉంటున్నవాళ్ళమే. ఐదుగురు హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఆఫీసుల్లో సాఫ్ట్‌వేర్ పని చేస్తారు. ముగ్గురు ఆ ఆఫీసులకే క్యాబ్ నడుపుతారు. ఇద్దరు టీచర్లు, ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఒకరు స్టాఫ్ నర్సు, ఒకామె ఇంట్లోనే టైలరింగ్ చేస్తుంది. ఇక ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరైన బాపు ఒకరున్నారు. వయసులో అందరికన్నా పెద్ద, పొద్దున అందరికన్నా ముందు వచ్చేది కూడా ఆయనే. పందేలు గెలిచినవాళ్ళు మాలో ఎవరూ లేరు. రోజుకు పది గంటలు కుర్చీలోనో, స్టీరింగ్ ముందో కూర్చునేవాళ్ళం. షుగరు, బీపీ మన ఇళ్ళలోకి కూడా వచ్చేశాయి గనుక పరుగు మొదలుపెట్టాం.

పొద్దున ఐదింటికి ప్రగతి నగర్ చెరువు దగ్గర కలుస్తాం. పాతవాళ్ళు దాన్ని అంబీర్ చెరువు అంటారు. నిజాంపేట, బాచుపల్లి, ప్రగతి నగర్ కలిపి 2019లో మున్సిపల్ కార్పొరేషన్ చేశాక ఇక్కడ ఇళ్ళు పెరిగాయి, బళ్ళు పెరిగాయి, పరుగెత్తే చోటు మాత్రం ఆ గట్టే. వినాయక నిమజ్జనం అయిన వారం అటు వెళ్ళలేం, వాసన. ఆ వారం జేఎన్‌టీయూ వైపు వెళ్తాం.

సోమవారం విశ్రాంతి. మంగళ, గురువారాలు ఐదారు కిలోమీటర్లు నెమ్మదిగా. బుధవారం అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కడం, గుంజీలు. శుక్రవారం కొంచెం వేగం. శనివారం మళ్ళీ విశ్రాంతి. ఆదివారం దూరం. నెమ్మది అంటే ఎంత అని అందరూ అడుగుతారు. మాది సులువైన కొలత. పక్కవాడితో గోర్ బోలిలో ఒక మాట మొదలుపెట్టి, ఆయాసపడకుండా చివరిదాకా చెప్పగలగాలి. మధ్యలో ఊపిరి తెగితే వేగం తగ్గించాలి. వాచీలు, యాప్‌లు మా దగ్గరా ఉన్నాయి. కానీ కబుర్లే మంచి మీటరు.

కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడవాలి. పరుగెత్తేకొద్దీ అవి రెచ్చిపోతాయి. చీకట్లో ఆడవాళ్ళు ఒంటరిగా కాక జతగా రావాలి. రోడ్డు మీదైతే ఎదురుగా వచ్చే బండి కనబడేలా కుడివైపున పరుగెత్తాలి, లేత రంగు బట్టలు వేసుకోవాలి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. 2023 జులైలో బండ్లగూడ దగ్గర పొద్దున వాకింగ్‌కు వెళ్ళిన తల్లీకూతుళ్ళను కారు ఢీకొట్టి చంపేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. వాళ్ళు రోడ్డు పక్కనే నడుస్తున్నారు. మన జాగ్రత్త మనం పడ్డా ఎదుటివాడి వేగం మన చేతిలో ఉండదు. అందుకే కాస్త చుట్టూ తిరిగినా సరే, గట్టే మేలంటాం.

క్యాబ్ భియాల సంగతి వేరు. రాత్రంతా బండి నడిపి, ఆఖరి డ్రాప్ అయ్యాక నేరుగా చెరువు దగ్గరికి వస్తారు. ఐదు గంటల నిద్ర లేకపోతే ఆ రోజు నడకే, పరుగు లేదని బాపు గట్టిగా చెబుతారు. కండక్టర్ కదా, టికెట్ లేకుండా ఎవరినీ ఎక్కనివ్వరు.

ఇక పందెం. హైదరాబాద్ మారథాన్ ఏటా ఆగస్టులో జరుగుతుంది. పూర్తి మారథాన్ 42.195 కిలోమీటర్లు, నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా. హాఫ్ అంటే అందులో సగం, 21 కిలోమీటర్ల పైచిలుకు. దేశంలో కష్టమైన మారథాన్లలో ఇదొకటని పరుగెత్తేవాళ్ళు అంటారు. ఎందుకో మాకు కాళ్ళతోనే తెలిసింది. దారి పొడవునా ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ ఎత్తులు, ఆ తర్వాత దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి. పైగా ఆగస్టు ఉక్కపోత. చెమట కారుతుంది తప్ప ఆరదు, ఒళ్ళు చల్లబడదు. రోజూ బండి మీద దాటే ఫ్లైఓవర్ అంత పొడుగని అప్పటిదాకా ఎవరం అనుకోలేదు. మాలో ఆరుగురు హాఫ్ పూర్తిచేశాం. వేగంగా వెళ్ళిన భియాకు రెండు గంటలు పట్టింది, చివర వచ్చిన అక్కకు మూడు గంటలు దాటింది. స్టేడియం ట్రాక్ మీద అడుగుపెట్టగానే ఆ అక్క ఏడ్చేసింది. కాళ్ళ నొప్పికి కాదట. చిన్నప్పుడు హాస్టల్లో పరుగు పోటీకి పేరిస్తే, ఆడపిల్లవు నీకెందుకని కొట్టేశారట.

ముందురోజు శనివారం 5కె ఉంటుంది. దానికి మాలో ఒకరి యాడి ఫేటియా, కాంచళి కట్టుకుని, చేతులనిండా గాజులతో వచ్చింది. ఐదు కిలోమీటర్లు చకచకా నడిచేసింది. దారంతా కుర్రాళ్ళు సెల్ఫీలు. "నన్నెందుకు ఫొటో తీస్తున్నారు, నేనేమన్నా పులినా?" అని అడిగింది. అప్పుడొకాయన మెచ్చుకోలుగానే అన్నాడు: "మీకేం తల్లీ, మీ వాళ్ళ రక్తంలోనే పరుగు ఉంది."

ఈ మాట మేము చాలాసార్లు విన్నాం. ఆఫీసులో విన్నాం, పందేల్లో విన్నాం. మన పిల్లలు కూడా గర్వంగా అంటున్నారు. మంచి మాటే అనిపిస్తుంది, కానీ దాన్ని కొంచెం గట్టిగా పట్టుకుని చూడాలి.

మనవాళ్ళు నడిచిన మాట నిజం. తాండా అంటే ఇవాళ ఊరు. ఒకప్పుడు తాండా అంటే కదిలే బిడారు. వేల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కన్ అంతా తిరిగిన లదేణీ వ్యాపారం మనది. మొఘల్ సైన్యాలకు కూడా మనవాళ్ళే ధాన్యం అందించారు. రైళ్ళు వచ్చి ఆ బతుకుతెరువు పోయింది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చాక, చాలాచోట్ల మనవాళ్ళు దారిలో నడవడమే అనుమానమైపోయింది. 1952 దాకా ఆ చట్టం ఉంది. ఆ కాళ్ళకు బలమిచ్చింది రోజూ నడిచిన నడక, మోసిన బరువు. ఇవాళ పదో అంతస్తుకు లిఫ్టులో వెళ్ళి కూర్చునే మనకు అది వారసత్వంగా రాదు.

కెనడాలో ఒనొండాగా తెగకు చెందిన టామ్ లాంగ్‌బోట్ అనే ఆయన 1907లో బోస్టన్ మారథాన్ గెలిచాడు. ఒకరోజు కష్టపడి పరుగెత్తి, మర్నాడు తేలిగ్గా నడిచి, ఒళ్ళు తేరుకున్నాకే మళ్ళీ కష్టపడేవాడు. అప్పటి పత్రికలు దాన్ని సోమరితనం అని రాశాయి. గెలిస్తే పుట్టుక గొప్పతనం, విశ్రాంతి తీసుకుంటే పుట్టుక బద్ధకం! ఆయన బుర్రపెట్టి తయారుచేసుకున్న పద్ధతి ఎవరికీ కనబడలేదు. ఇవాళ కోచ్‌లందరూ చెప్పేది ఆ పద్ధతే.

అంతదూరం ఎందుకు, మన పూర్ణనే చూడండి. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు నిండలేదు. గురుకులంలో చదువుతూ భువనగిరి గుట్ట మీద, ఆ తర్వాత డార్జిలింగ్‌లో, లదాఖ్ చలిలో నెలల తరబడి శిక్షణ తీసుకుంది. "లంబాడీ పిల్ల కదా, ఎక్కేసింది" అంటే ఆ నెలలన్నీ కొట్టేసినట్టే.

ఓపిగ్గా వినమన్న విషయం ఇప్పుడు చెబుతున్నాం. రక్తంలో ఏముందో అని అందరూ అంటున్నారు గదా, మేము నిజంగానే రక్తపరీక్ష చేయించుకున్నాం. సికిల్ సెల్ పరీక్ష. మా స్టాఫ్ నర్సు చెల్లెలు పట్టుబట్టి అందరినీ తీసుకెళ్ళింది.

తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఆ జన్యువు వస్తే జబ్బు. ఒక్కరి నుంచే వస్తే జబ్బు కాదు, క్యారియర్ అంటారు. మలేరియా ఎక్కువున్న అడవి ప్రాంతాల్లో క్యారియర్‌కు మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. అందుకే ఈ జన్యువు గిరిజన ప్రాంతాల్లో తరతరాలుగా నిలిచింది. గోండు, కోయ సోదరుల్లో దీని గురించి ఎక్కువగా వింటాం. మనలో లేదని మాత్రం ఎవరూ అనుకోవద్దు. మా పద్నాలుగు మందిలో ఇద్దరు క్యారియర్లని తేలింది. ఒకరు రెండు గంటల్లో హాఫ్ పూర్తిచేసిన ఆ భియానే.

క్యారియర్ పరుగెత్తవచ్చు, పందేలకు వెళ్ళవచ్చు. ఆ భియా ఇప్పటికీ మాకందరికీ ముందే ఉంటాడు. కానీ అలవాటు లేని ఒంటితో, ఎండలో, నీళ్ళు తాగకుండా, ఒక్కసారిగా ప్రాణం పెట్టి పరుగెత్తితే మాత్రం అరుదుగానైనా ప్రమాదం ఉంది. కండరాలు దెబ్బతిని మనిషి కూలబడతాడు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. అమెరికాలో ఒక కాలేజీ ఆటగాడు ఇలాగే చనిపోయాక, పెద్ద కాలేజీల క్రీడాకారులకు 2010 నుంచి ఈ పరీక్ష పెట్టారు. గుర్తులు చెబుతాం. మామూలు తిమ్మిరైతే కండరం రాయిలా గట్టిపడుతుంది, మనిషి కేకపెడతాడు. ఇందులో కండరం గట్టిపడకుండానే కాళ్ళు సత్తువ పోయి జారిపోతాయి. మాట్లాడుతూనే కింద కూర్చుండిపోతాడు. "లే, నాటకాలాడకు" అని లేపి పరుగెత్తించకూడదు. నీడకు చేర్చి, నీళ్ళిచ్చి, వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. క్యారియర్ అని తెలిస్తే ఆ మాట డాక్టరుకు చెప్పాలి.

పరీక్ష ఫలితం వచ్చిన రాత్రి ఆ భియా మొదట తన తమ్ముడికి ఫోన్ చేశాడు. తమ్ముడు తాండాలో ఉండి కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. అన్న క్యారియర్ అయితే తోడబుట్టినవాళ్ళలో ప్రతి ఒక్కరికీ కనీసం సగానికి సగం అవకాశం ఉంటుంది. తమ్ముడూ క్యారియరే. అప్పటికి ఆ కుర్రాడు మధ్యాహ్నం పూట, బరువు తగ్గాలని నీళ్ళు మానేసి, కంకర రోడ్డు మీద పరుగెత్తుతున్నాడు!

మన తాండాల్లో నిజంగా పరుగెత్తేది మాలాంటి మెడల్ కోసం వెళ్ళేవాళ్ళు కాదు, ఇలాంటి పిల్లలు. నోటిఫికేషన్ పడేదాకా కూర్చుని, పడగానే నెల రోజుల్లో ఒళ్ళు విరుచుకుంటారు. 2022 నోటిఫికేషన్‌లో మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలని పెట్టారు. కొత్తది వస్తే అంకెలు సరిచూసుకోవాలి. 1600 అంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు చుట్లు, చుట్టుకు 108 సెకన్లు. ఇది మరీ వేగం కాదు. చాలామంది మొదటి చుట్టు 80 సెకన్లలో దూకేసి, మూడో చుట్టులో నడుస్తారు. ఉద్యోగం పోయేది అక్కడే. కాలు నొప్పి పట్టేదీ, కూలబడేదీ అక్కడే.

అందుకే ఎనిమిది వారాల పట్టిక ఒకటి తయారుచేసి, ఒక పేజీ మీద తెలుగులో అచ్చువేశాం. మొదటి మూడు వారాలు మాట్లాడుతూ పరుగెత్తే వేగమే. నాలుగో వారం నుంచి వారానికి ఒక్కరోజు 400 మీటర్లు 108 సెకన్లలో పరుగెత్తి, మూడు నిమిషాలు నడిచి, మళ్ళీ పరుగు. మొదట నాలుగుసార్లు, తర్వాత ఆరు. ఎండెక్కాక పరుగు లేదు. బూట్లు లేకపోతే మట్టి మీద, గడ్డి మీద పరుగెత్తవచ్చు, తారు మీద వద్దు. పేజీ అడుగున పెద్ద అక్షరాలతో సికిల్ పరీక్ష సంగతి రాశాం.

2023 జులై 1న కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్ళ లోపు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది లక్ష్యం. మీ పీహెచ్‌సీలో కిట్లు ఉన్నాయో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, లేకపోతే జిల్లా ఆసుపత్రికి వెళ్ళండి. నగరంలో ఉన్నవాళ్ళకు శివరాంపల్లిలో తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఉంది, 1998 నుంచి పనిచేస్తోంది. సంబంధం కుదుర్చుకునేటప్పుడు గోత్రం అడిగే పెద్దలు ఈ పరీక్ష సంగతి కూడా అడిగితే మాకు సంతోషమే. క్యారియర్‌ను కాదనడానికి కాదు, ఇద్దరూ క్యారియర్లయితే పుట్టబోయే పిల్లల గురించి ముందే డాక్టరుతో మాట్లాడుకోవడానికి.

వచ్చే నెల హోలీకి చాలామంది తాండాలకు వెళ్తారు. వెళ్ళే ముందు మా దగ్గర ఆ పేజీలు తీసుకెళ్ళండి. బయట జిలేబీ స్టాల్ పక్కన బాపు ఒక సంచితో కూర్చున్నారు. మీ తాండాలో కానిస్టేబుల్‌కు, ఆర్మీకి తయారవుతున్న పిల్లలు ఎంతమందో ఆయనకు చెబితే అన్ని కాగితాలు లెక్కపెట్టి ఇస్తారు, వెనక్కి వచ్చాక ఎంతమంది పరీక్ష చేయించుకున్నారో కూడా అడుగుతారు. తమ్ముడి పరీక్ష చేయించిన ఆ భియా కూడా అక్కడే ఉంటాడు, సందేహాలుంటే అతన్నే అడగండి. తమ్ముడు ఇప్పుడు పొద్దున పూట నీళ్ళ సీసా పట్టుకుని పరుగెత్తుతున్నాడు. మొన్న 1600 మీటర్లు ఆరు నిమిషాల నలభై సెకన్లకు వచ్చాడని అన్నకు మెసేజ్ పెట్టాడు.

భోగ్‌కు టైమైంది, నగారా వాళ్ళు కూడా చూస్తున్నారు. అందరికీ రామ్ రామ్.