అద్దె యిల్లు – ఇరువురి ధర్మములు



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము చూచుటకు చిన్నది. అద్దె యనుడు, కిరాయి యనుడు, పేరేదైనను సంగతి యొక్కటే. ఒకరి యింట మఱియొకరు సొమ్ము చెల్లించి కాపురముండుట. పూర్వము పల్లెలలో ఈ వాడుక చాల తక్కువ. నేడట్లు కాదు. బడి పంతులు, ఆసుపత్రి నర్సు, బ్యాంకి గుమాస్తా మన యూరికి వచ్చి యిల్లు వెదకుకొనుచున్నారు. మన బిడ్డలు చదువునకో ఉద్యోగమునకో హైదరాబాదో, విజయవాడయో, బెంగుళూరో చేరి అద్దె యిండ్లలో నున్నారు. కావున మీలో పెక్కుమంది యొక చేత అద్దె పుచ్చుకొనుచు, వేఱొక చేత బిడ్డల యద్దెకు సొమ్ము పంపుచున్నవారే. తగవు పుట్టినప్పుడు పెద్దమనుష్యులుగా పిలువబడువారును మీరే. అందుచేత ఇరువైపుల ధర్మమును మీరెఱిగి యుండుట యవసరము.

అన్నిటికంటె ముందు తెలిసికొనవలసిన మాట యొక్కటి కలదు. ఇల్లు అద్దెకిచ్చినవాడు ఇంటిపై హక్కును పోగొట్టుకొనడు. కాని ఆ యింట నివసించు హక్కును గడువు తీరువఱకు ఇంకొకరికి అప్పగించినవాడగుచున్నాడు. హక్కు వేఱు, స్వాధీనము వేఱు. మన తగవులలో మూడు వంతులు ఈ భేదమును మఱచుటవలననే పుట్టుచున్నవి.

నేను కూర్చుండిన యొక పంచాయతిని గూర్చి చెప్పెదను. రెండు నెలల అద్దె బాకీ యున్నదని యొక గృహస్థు, అద్దెకున్న కుటుంబము పెండ్లికి పోయిన సమయమున తలుపునకు తన తాళము వేసికొనెను. వారు తిరిగి వచ్చునప్పటికి బియ్యము, బట్టలు, పిల్లల పుస్తకములు, ముసలితల్లి మందులు అన్నియు లోపలనే యున్నవి. “ఇల్లు నాది, తాళము నాది” అని యాయన వాదము. ఆనాటి పెద్దలు ముందు తాళము తీయించి, పిమ్మట బాకీ లెక్క విచారించి, వాయిదాలు కట్టించిరి. ఆ వరుసయే న్యాయమైన వరుస. బాకీ నిజమే, కాని బాకీకి మందు తాళము కాదు.

చట్టము చెప్పునదియు ఇదియే. 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టము ఆఱవ సెక్షను ననుసరించి, స్థిరాస్తి స్వాధీనమునందున్నవానిని అతని సమ్మతి లేకయు, న్యాయమార్గమున గాకయు వెడలగొట్టినచో, అతడు ఆఱు నెలలలోపల సివిల్ కోర్టులో దావా వేసి స్వాధీనమును మరల పొందవచ్చును. ఆ దావాలో ఇల్లెవరిదను ప్రశ్నయే యడ్డు రాదు. యజమానియైనను బలముచేత తలుపు మూయరాదని దీని తాత్పర్యము.

అయినచో యజమానికి దారి లేదా? ఉన్నది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము పల్లెకును పట్టణమునకును వర్తించును. వేఱు కరారు గాని, వేఱు శాసనము గాని లేనిచోట, నెలనెలకు సాగు అద్దెను ముగింపదలచినవారు పదునైదు దినముల నోటీసు వ్రాతమూలముగా, సంతకము చేసి యియ్యవలెను. ఈ నియమము యజమానికెంతయో అద్దెకున్నవానికిని అంతయే. చెప్పక చేయక రాత్రికి రాత్రి సామాను బండి కెత్తించుటయు తప్పే. గడువు తీరినను ఇల్లు విడువనిచో యజమాని కోర్టునకు పోవలెను. ఆలస్యమగునని విసుగుదురు. పెద్దమనుష్యులు ఉభయులను సమాధానపఱచి ఆ యాలస్యమును తగ్గింపవచ్చును. చేయి చేసికొనుటకు మాత్రము అనుమతి నియ్యరాదు.

ఇక మరమ్మతుల మాట. వానకాలము వచ్చినంతనే పుట్టు తగవిది. “పెంకులు నీవు సర్దించుకొనుము” అని యొకరు, “ఇల్లు నీదే గదా” అని యొకరు. ఇచ్చట మీరు గమనింపవలసిన సూక్ష్మమొకటి కలదు. కంటికి కనబడని ముఖ్యమైన లోపము ఇంటిలో నున్నచో దానిని ముందుగా తెలుపుట యజమాని విధి యని 1882 నాటి చట్టము చెప్పుచున్నది. కాని ప్రతి మరమ్మతును యజమానియే చేయవలెనని అందు లేదు. కరారువలన గాని మఱియొక విధముగా గాని యజమాని పూచీపడిన మరమ్మతును, తెలియజెప్పిన పిదప తగిన కాలములో నతడు చేయనిచో, అద్దెకున్నవాడు తానే చేయించి ఆ వ్యయమును వడ్డీతో అద్దెలో మినహాయించుకొనవచ్చును. కనుక పైకప్పు, గోడలు, బావి, విద్యుత్తు తీగలు ఎవరి పూచీయో ఆదిలోనే వ్రాసికొనుట మేలు.

తుపానుకో, వరదకో, అగ్నికో ఇంటి ముఖ్యభాగము పూర్తిగా నశించి వాసయోగ్యము కాకపోయినచో, కరారు రద్దయినట్లు భావించు స్వేచ్ఛ అద్దెకున్నవానికి కలదు; నష్టము అతని తప్పువలన కలిగినదైనచో ఆ స్వేచ్ఛ లేదు. తీరప్రాంతపు సోదరులు ఈ మాటను జ్ఞాపకముంచుకొందురు గాక.

అద్దెకున్నవాని ధర్మములును తక్కువవి కావు. అద్దెను వేళకు చెల్లించుట మొదటిది. ఇంటిని తన యింటివలె చూచుకొని, వాడుకవలన సహజముగా కలుగు అరుగుదల తప్ప, పుచ్చుకొన్న స్థితిలోనే తిరిగి అప్పగించుట రెండవది. యజమాని సమ్మతి లేక శాశ్వతమైన కట్టడము లేపరాదు. కాపురమునకు పుచ్చుకొన్న యిల్లు ఎరువుల కొట్టుగా మార్చరాదు. తాను బిగించుకొన్న వస్తువులను వెడలిపోవునప్పుడు తీసికొనిపోవచ్చును గాని గోడను పాడుచేసి పోరాదు.

పట్టణములందు ఇండ్ల కొఱత యెక్కువగుటచేత ప్రత్యేక శాసనములు పుట్టినవి. మొదటి యుద్ధకాలమున 1918లో బొంబాయిలో అద్దెలను కట్టడిచేసిరి. మన ప్రాంతమున 1960లో చేసిన భవనముల అద్దె నియంత్రణ చట్టము హైదరాబాదు, సికింద్రాబాదు నగరములకును, పురపాలక సంఘములకును ఉద్దేశింపబడినది. ఒక నెల యద్దెకు మించి ముందుగా పుచ్చుకొనరాదనియు, రశీదు పొందుట అద్దెకున్నవాని హక్కనియు అందు వ్రాసిరి. 2021లో కేంద్ర మంత్రివర్గ మామోదించిన నమూనా అద్దె చట్టము నివాసగృహములకు రెండు నెలల యద్దెకు మించిన డిపాజిటు కూడదనియు, యజమాని యిల్లు చూడ రాదలచినచో ఇరువదినాలుగు గంటల ముందు తెలుపవలెననియు, నీరు విద్యుత్తు ఆపరాదనియు చెప్పుచున్నది. అది నమూనా మాత్రమే. రాష్ట్రములు శాసనము చేసికొన్నగాని అమలునకు రాదు. ఐనను అందలి న్యాయము మన కరారులకు మంచి మాదిరి.

కరారు వ్రాయుమనిన “మన వారి మధ్య కాగితమేల?” అందురు. మనవారి మధ్యనే కాగితము కావలెను. స్నేహమును కాపాడునదియే అది. రిజిస్ట్రేషను చట్టపు సాధారణ నియమము ప్రకారము సంవత్సరమునకు మించిన గడువుగల కరారును రిజిస్టరు చేయింపవలెను. పదునొకండు నెలల కరారు వాడుకలోనికి వచ్చుటకు ఇదియే కారణము. అందు వ్రాయవలసినవి కొన్నియే: అద్దె యెంత, ఏ తేదీకి, అడ్వాన్సు ఎంత, అది యెప్పుడు తిరిగి యియ్యవలెను, మరమ్మతు లెవరివి, విద్యుత్తు బిల్లు ఎవరిది, ఖాళీ చేయుటకు నోటీసు ఎన్ని దినములు. ఫోను ద్వారా పంపిన సొమ్మునకు బ్యాంకి లెక్కయే సాక్ష్యము. చేతికిచ్చిన సొమ్మునకు రశీదు తప్ప వేఱు సాక్ష్యము లేదు. చదువురాని వారైనచో, కాగితమంతయు చదివి వినిపించిన పిదపనే వ్రేలిముద్ర వేయించుడు.

పెద్దలారా, ఇది సాగుభూముల కౌలును గూర్చిన ప్రసంగము కాదు. వానికి వేఱు శాసనములు కలవు. ఇది నాలుగు గోడలను, ఒక పొయ్యిని గూర్చినది. అద్దెతోనే జీవనము సాగించు వృద్ధులును మన యూళ్లలో నున్నారు. వారికి నెలసొమ్ము అందకపోవుట ఆకలియే. అద్దె యింటిలో నున్న బాలింతకు నీరు ఆపుటయు అట్టిదే. మీ యెదుటికి ఇట్టి తగవు వచ్చినప్పుడు యజమాని యెవరని మాత్రమే యడుగక, ఎవరి పూచీ యేమని కూడ అడుగుడు. ఆ రెండవ ప్రశ్నకు జవాబు దొరకినచో, తగవులు పెక్కు కోర్టు మెట్లెక్కక ముందే తీఱును.