విదేశవాసులగు పట్టభద్రుల సన్మానము

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విదేశములందు నివసించు పూర్వవిద్యార్థులను విశ్వవిద్యాలయములు సన్మానించుటనుగూర్చి ప్రసంగింపుమని కార్యనిర్వాహకులు నన్నాజ్ఞాపించిరి. నేను పండితుడను గాను. గోదావరి కాలువనీటితో వ్యవసాయము చేసికొనుచు, కుమారుని సముద్రములు దాటించిన గృహస్థుడను. తెలిసిన నాలుగు మాటలు విన్నవించెదను.

1926 లో బెజవాడయందు స్థాపితమై, పిమ్మట విశాఖపట్టణమున స్థిరపడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు, కేంబ్రిడ్జిలో చదివి స్వదేశమునకు మరలివచ్చిన కట్టమంచి రామలింగారెడ్డిగారు ప్రథమోపాధ్యక్షులైరి. నేడు పరదేశమునకు పోయినవారిలో అనేకు లచ్చటనే కాపురములు చేయుచున్నారు. వారిని నిందించుట తగదు. వారు వచ్చినప్పుడు తమ్ము చదివించిన విద్యాలయము పిలిచి ఆదరించుట ధర్మమే. కాని సన్మానము ముగిసిన మఱునాడు మిగులున దేమి? ఇదియే నా ప్రశ్న.

రెండేండ్లక్రిందట ఒకానొక విద్యాలయమున అట్టి సన్మానము జరిగెను. నా కుమారుడును పిలువబడెను. నేనును నా యిల్లాలును వేకువనే బయలుదేఱి పోతిమి. వేదికపై శాలువలు, పూలమాలలు, ఛాయాచిత్రములు! మాకు వెనుక వరుసలో చోటు దొఱకెను. అందులకు నేను చింతింపలేదు. మంచినీళ్లందించుచున్న విద్యార్థి యొకడు నా చెంతకు వచ్చి, "తాతగారూ, పరీక్ష ఫీజు కట్టడానికి రేపే ఆఖరు. ఈ పెద్దవాళ్లలో ఎవర్ని అడగమంటారు?" అని మెల్లగా అడిగెను. నేను వేదికవైపు చూచితిని. ఆ శాలువలలో నాలుగింటి వెల వాని ఫీజునకు చాలును. సభ ముగిసిన పిమ్మట నా కుమారుడు దానిని చెల్లించెను. కాని అడుగుటకు నోరురాక వెనుదిరిగిన వారెందఱో యని యారాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఈ విషయమున మన గోదావరిసీమ చరిత్రయే మనకు పాఠము చెప్పుచున్నది. 1895 లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు చెన్నపురిలో వైద్యవిద్య ముగించి అమెరికాకు పోదలచినప్పుడు చేత ధనము లేదు. మామగారు కొంత సమకూర్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ తోడ్పడుదునని మాట యిచ్చెను. ఆ ధర్మసంస్థకు మూలపురుషు డెవరు? మన తీరమునుండి రంగూనుకు పోయి, అచ్చటి రేవు వ్యాపారమున ధనమార్జించిన మహనీయుడు. బర్మాలో మన తెలుగు కూలీలను "కొరంగీ"లని చులకనగా పిలుచుచుండిరి. అట్టి పరదేశమున గడించిన సొత్తు నాయన స్వదేశమున ధర్మకార్యములకు విడిచిపోయెను.

దాతది యొక కులము. విద్యార్థిది మఱియొక కులము. ఈ మాటను మన కులమహాసభయందే చెప్పవలెనని వచ్చితిని.

సుబ్బారావుగారు హార్వర్డులో కండరముల శక్తికి మూలమగు పదార్థములను శోధించిరి. లెడర్లే ప్రయోగశాలలో ఫోలికామ్లము తయారుచేయు కృషికి నాయకత్వము వహించిరి. అది నేటికిని గర్భిణీస్త్రీల కొసగు ఔషధము. ఆయన 1948 లో అమెరికాలోనే దివంగతులైరి; స్వదేశమునకు మరలి రానేలేదు. 1995 లో మన ప్రభుత్వమువారు ఆయన పేర తపాలాబిళ్ల వెలువరించిరి. ఇచ్చటి వేదికపై ఆయన మెడలో మాల వేయు భాగ్యము మనకు కలుగలేదు. అయినను ఓడ యెక్కించిన చేయి గోదావరిసీమదే. మాలకంటె ఆ చేయియే గొప్పది.

నేటి యుదాహరణమును గలదు. 1958 లో కాకినాడయందు స్థాపింపబడిన రంగరాయ వైద్యకళాశాలలో చదివి ఉత్తర అమెరికాలో స్థిరపడిన వైద్యులు సంఘముగా కూడి, అచ్చటి ప్రభుత్వ వైద్యశాలయందు తల్లులకును బిడ్డలకును భవనము నిర్మింపజేసిరి. పురిటినొప్పులతో వచ్చిన పేదరాలికి దాతల పేరు తెలియకపోవచ్చును. పడుకొనుటకు మంచము దొఱకును. ఇంతకు మించిన సన్మానపత్రము వేఱొకటి కలదా?

కావున మహాజనులారా, మూడు కోరికలు. విదేశములనుండి వచ్చు మన పట్టభద్రులకు ఇకమీదట ఒక మాలయు, ఒక మంచిమాటయు చాలును. మిగిలిన వ్యయమును విద్యానిధికి చేర్పుడు. వచ్చినవారిచే ఉపన్యాసము చేయించుటతో తృప్తిపడక, ఒక పూట పేదవిద్యార్థుల నడుమ కూర్చుండబెట్టి, వారి సందేహములను తీర్పింపుడు. మూడవది కొందఱికి రుచింపకపోవచ్చును. ఆ విద్యానిధి తలుపు మనవారికి మాత్రమేకాక, మన గ్రామములలోని ఏ కులపు బీదబిడ్డకైనను తెఱచియుంచుడు. ఏటి నీరు చేలగట్లను చూచి ఆగిపోయినచో ఈ డెల్టా యెట్లు పండియుండెడిది?