గ్రే, డార్విన్, ఒక కందిరీగ: క్రైస్తవ విశ్వాసానికి విజ్ఞానంతో కుదిరిన పొత్తు



ఎవరి పేరున ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పారు, సంఘంలో పెద్దగా ఉన్నారు. తరగతిలో పరిణామవాదం బోధించిన నోటితోనే ఆదివారం ఆదికాండం చదివి వినిపించేవారు. రెండూ ఎలా పొసుగుతాయని అడిగితే వాదనకు దిగేవారు కాదు, ఏసా గ్రే రాసిన 'డార్వినియానా' చేతిలో పెట్టేవారు. నా పరిశోధన అక్కడే మొదలైంది. అందుకే ఈ సాయంత్రం ఎక్కువసేపు గ్రే దగ్గరే ఉంటాను.

ముందు కాలాల సంగతి మీకు తెలిసిందే. ఆదికాండంలోని దినాల గురించి అగస్టీన్ ఏమన్నదీ, అక్వినాస్ అరిస్టాటిల్‌ను వేదాంతంలోకి ఎలా తెచ్చిందీ, 1633లో గెలీలియోకు ఏం జరిగిందీ మళ్ళీ చెప్పను. 1802లో వచ్చిన పేలీ పుస్తకం మీదా కాలం గడపను. ప్రాణుల అవయవాల్లోని పొందికను చూపించి కర్త ఉన్నాడని రుజువు చేసే ఆ పద్ధతి నాకెన్నడూ రుచించలేదు. అటువంటి రుజువు మీద ఆనుకున్న విశ్వాసం ఆ రుజువుతోపాటే కూలుతుంది. 1859 నవంబరులో డార్విన్ గ్రంథం వచ్చాక చాలామందికి అదే జరిగింది.

గ్రేకు జరగలేదు. 1842 నుంచి హార్వర్డ్‌లో వృక్షశాస్త్ర ఆచార్యుడు, నిష్ఠగల క్రైస్తవుడు. డార్విన్ గ్రంథం ఇంకా అచ్చుకాకముందే, 1859 తొలి నెలల్లో, ఆయన ఒక చిక్కుముడి విప్పారు. జపాన్ నుంచి వచ్చిన మొక్కల నమూనాలు పరిశీలిస్తే, వాటికి దగ్గరి చుట్టాలు అమెరికా తూర్పు తీరంలో కనిపించాయి. రెంటికీ మధ్య ఒక మహాసముద్రం, దాదాపు ఒక ఖండం. ఒకప్పుడు ఉత్తరాన ఒకటిగా వ్యాపించిన జాతులే మంచుయుగంలో దక్షిణానికి జరిగి విడిపోయాయని గ్రే తేల్చారు. అదే హార్వర్డ్‌లో లూయీ అగాసీ ఉన్నారు. ఏ జాతినైనా అది ఉన్న చోటనే దేవుడు విడిగా సృష్టించాడని ఆయన వాదం. మనుషుల్లో తెల్లవారికీ నల్లవారికీ కూడా వేర్వేరు మూలాలే అన్నారాయన. బానిసత్వం నడుస్తున్న దేశంలో ఆ మాట ఎవరికి పనికొచ్చిందో వేరే చెప్పాలా? మానవజాతి అంతా ఒక్కటేనన్న గ్రే నమ్మకానికి బైబిలూ వృక్షశాస్త్రమూ ఒకే దారి చూపాయి.

డార్విన్ తన సిద్ధాంతాన్ని ముందుగా విప్పి చెప్పుకున్న కొద్దిమందిలో గ్రే ఒకరు. 1857 సెప్టెంబరు 5న ఆయనకు రాసిన ఉత్తరపు భాగాన్నే 1858 జూలై 1న లండన్‌లోని లినేయన్ సొసైటీలో విడిగా అదే ఆలోచనకు వచ్చిన వాలెస్ వ్యాసంతోపాటు చదివారు. గ్రంథం వచ్చాక అమెరికాలో దాని తరఫున నిలబడినవాడూ గ్రేనే. 1860లో 'అట్లాంటిక్ మంత్లీ'లో ఆయన రాసిన వ్యాసాలు డార్విన్‌కు ఎంత నచ్చాయంటే, పట్టుబట్టి వాటిని 1861లో చిన్న పుస్తకంగా వేయించి పంచారు. సహజ ఎంపికకు, దైవ సంకల్పానికి పేచీ లేదన్నది ఆ పుస్తకం సారం. పంచినవాడికి ఆ వాదన మీద పూర్తి నమ్మకం లేదు. అయినా పంచాడు.

ఇక కందిరీగ సంగతి. 1860 మే 22న డార్విన్ గ్రేకు మనసు విప్పి రాశారు. గొంగళిపురుగు బతికుండగానే దాని ఒంట్లో గుడ్లు పెట్టి, పిల్లలచేత దాన్ని లోపల్నుంచి తినిపించే కందిరీగ జాతిని దయామయుడైన దేవుడు కావాలని చేశాడంటే మనసొప్పడం లేదన్నారు. విశ్వాసానికి విజ్ఞానం వేసిన అసలు ప్రశ్న ఇదని నా దృఢమైన అభిప్రాయం. భూమి వయసు ఎంత, ఆరు దినాలంటే ఏమిటి అన్నవి దీని ముందు చిన్నవి. యోబు గ్రంథం చదివినవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. దానికి సూక్ష్మదర్శిని తోడైంది, అంతే.

గ్రే ఇచ్చిన జవాబు: వైవిధ్యాలు ఎలా పుడతాయో మనకు తెలియదు కాబట్టి, వాటిని మేలైన దారుల్లో దేవుడు నడిపిస్తున్నాడని అనుకోవచ్చు. 1868లో డార్విన్ ఒక గ్రంథం చివర దీన్ని పేరుపెట్టి మరీ కాదన్నారు. కొండచరియ నుంచి విరిగిపడ్డ రాళ్లతో ఒకడు ఇల్లు కడితే, ఆ రాళ్ల ఆకారాలు ఇంటి కోసమే ముందుగా నిర్ణయమయ్యాయని అనగలమా అని అడిగారు. ఈ వాదనలో డార్విన్‌దే పైచేయి. గ్రే తెలియనితనంలో దేవుడికి చోటు వెతికారు, ఆ చోటు తర్వాత జన్యుశాస్త్రానికి దక్కింది. అయినా ఆయన తన విశ్వాసాన్ని ఆ ఒక్క వాదన మీద నిలపలేదు. శాస్త్రంలో తాను డార్విన్ పక్షమని, మతంలో నైసియా విశ్వాస ప్రమాణాన్ని అంగీకరించేవాణ్ణని 1876లో 'డార్వినియానా' ముందుమాటలో రాసుకున్నారు. స్నేహం చివరిదాకా సాగింది.

ఇంత చరిత్ర ఉండగా, విజ్ఞానానికీ క్రైస్తవానికీ మొదటినుంచీ యుద్ధమేనన్న కథ ఎలా స్థిరపడింది? 1874లో డ్రేపర్, 1896లో ఆండ్రూ వైట్ రాసిన రెండు పుస్తకాల వల్ల. వీళ్లతో నా తగవు పాతది, ఇవాళ కూడా వదలను. వైట్ కార్నెల్ విశ్వవిద్యాలయ స్థాపకుల్లో ఒకరు. ఏ మతశాఖకూ చెందని విద్యాసంస్థ పెట్టినందుకు తనమీద పడ్డ నిందలను ఆయన పద్దెనిమిది వందల ఏళ్ల చరిత్రగా మార్చారు. మధ్యయుగంలో చర్చి భూమి బల్లపరుపుగా ఉందని బోధించిందట! పదమూడో శతాబ్దపు విశ్వవిద్యాలయాల్లో భూమి గుండ్రమని చెప్పే సాక్రోబోస్కో గోళ గ్రంథం పాఠ్యపుస్తకం. లాక్టాంటియస్, కాస్మస్ వంటి ఒకరిద్దరిని చూపించి వెయ్యేళ్ల మీద తీర్పు చెప్పడం చరిత్ర రచన కాదు.

1860 జూన్ 30న ఆక్స్‌ఫర్డ్‌లో డార్విన్ సిద్ధాంతం చర్చకు వచ్చిన సభలో బిషప్ విల్బర్‌ఫోర్స్‌ను హక్స్‌లీ కోతి తాత మాటతో చిత్తుచేశాడన్న కథ మీరంతా విన్నదే. ఏదో మాట అనుకున్నది నిజం, హక్స్‌లీ ఉత్తరంలోనే ఉంది. కానీ మనం చదువుకున్న నాటకీయ రూపం 1898లో ఒక పత్రికలో వచ్చిన జ్ఞాపకాల నుంచి పుట్టింది. ఆ సభలో సుదీర్ఘ వ్యాసం చదివినవాడు ఈ డ్రేపరే. మర్నాడు అదే నగరంలో ఫ్రెడరిక్ టెంపుల్ ప్రసంగపీఠం ఎక్కి, దేవుణ్ణి ప్రకృతి నియమాల్లోనే చూడమన్నారు. ఆ ప్రసంగం ఎవరికీ గుర్తులేదు. వైట్ పుస్తకం వచ్చిన 1896లోనే ఆ టెంపుల్ కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు అయ్యారు. యుద్ధమే జరుగుతుంటే ఇది ఎలా సాధ్యం?

అటు పక్షాన్నీ వదలను. క్రైస్తవ ఐరోపాలో తప్ప విజ్ఞానం బతికి బట్టకట్టలేదని స్టాన్లీ యాకి వంటివారు వాదించారు. ఆర్యభటను, ఇబ్న్ అల్ హైథమ్‌ను పక్కన కూర్చోబెట్టి గెలిచే వాదన విశ్వాసానికి గౌరవం తేదు.

సమయం మించిపోతోంది, తక్కినవి చకచకా చెబుతాను. 1889లో ఆంగ్లికన్ వేదాంతి ఆబ్రీ మూర్, ప్రకృతిలో దేవుడు అంతటా ఉండాలి, లేదా ఎక్కడా ఉండకూడదు అన్నారు. గ్రేకు తోచని దారి ఇది. 1925లో అమెరికాలోని డేటన్‌లో పరిణామం బోధించినందుకు ఒక ఉపాధ్యాయుడి మీద కేసు నడిచింది. 1927లో బెల్జియం కతోలిక గురువు లెమైత్ర్ విశ్వం వ్యాకోచిస్తోందని గణితంతో చూపారు. 1951లో పోపు పన్నెండో పయస్ ఆ సిద్ధాంతంలో సృష్టికి సాక్ష్యం చూసినప్పుడు ఇబ్బందిపడింది లెమైత్రే. తన సమీకరణాలు మతానికి అనుకూలమూ కావు, ప్రతికూలమూ కావన్నది ఆయన పట్టు. 1996లో పోపు రెండో జాన్ పాల్, పరిణామవాదం ఊహ స్థాయిని దాటిందని ఒప్పుకున్నారు. మానవ జీనోమ్ పథకాన్ని నడిపించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ 2006లో తన విశ్వాసం గురించి పుస్తకం రాశారు. ఒక్కొక్కటీ ఒక్కో సాయంత్రానికి సరిపడే సంగతి.

ఒక్క విన్నపంతో ముగిస్తాను. మన సంఘాల్లో ఇంటర్ బైపీసీ చదివే పిల్లలు ఎంతోమంది. వాళ్లు ప్రశ్న అడిగితే సండే స్కూలు టీచర్లు గద్దించకండి, సైన్సు టీచర్లు నవ్వకండి. డార్విన్ ఉత్తరాలను కేంబ్రిడ్జివారు 30 సంపుటాలుగా ప్రచురించారు, ఇంటర్నెట్‌లోనూ దొరుకుతాయి. గ్రేకు రాసిన ఆ మే 22 నాటి ఉత్తరాన్ని ఎవరైనా తెలుగు చేసి పిల్లల చేత చదివించండి, యోబు గ్రంథాన్ని కూడా దాని పక్కనే పెట్టండి.